క్రొత్త కారు – చక్రముల శుభ్రత

గృహమునకు క్రొత్త వస్తువు వచ్చినప్పుడు దానిని జూచి సంతోషించువారు పదిమంది యుందురు. దాని మూలలు దులిపి, మురికి తుడిచి, పదికాలములపాటు నిలుపువారు మాత్రము ఇంట నొకరో యిద్దఱో యుందురు. ఇత్తడి బిందె మొదలుకొని కుట్టుమిషను వఱకు ఈ రెండవ పని స్త్రీలదే యైనది. ఇప్పుడు వాకిటిలోనికి కారు వచ్చినది. వంటయింటి పాత్రను ఏ చింతపండుతో తోమవలెనో మనకు తల్లులు నేర్పిరి. కారును ఎట్లు కడుగవలెనో నేర్పినవారు లేరు. అందుచేత ఈ విషయమును గూర్చి కొంత వ్రాయుట యావశ్యకమని తలంచితిమి.

నిజాముల కాలమున మోటారు ప్రభువుల సొత్తు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నేటికిని ప్రదర్శనకుంచిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ బండిని చూచిన సోదరీమణులకు ఆ వైభవము తెలియును. 1983 డిసెంబరులో మారుతి 800 వెలువడిన పిమ్మటనే మధ్యతరగతి గృహములకు కారు కొనవచ్చునన్న యాశ కలిగినది. నేడు ఓరుగల్లు, హనుమకొండ, కాజీపేటలు మూడును కలిసి యొకే నగరమైనవి. క్రొత్త కాలనీలలో గేటు వెనుక కారు లేని యిండ్లు తగ్గుచున్నవి. కాని అందులో చాల బండ్లు బ్యాంకు అప్పుతో వచ్చినవే. నెలనెల వాయిదా ఐదేండ్లో, యేడేండ్లో కట్టవలెను. ఇంటి తరువాత ఇంతటి సొమ్ము పెట్టి కొను వస్తువు సంసారమున వేఱొకటి లేదు. వాయిదాలు తీరులోపలనే రంగు వెలిసి, చక్రములు మచ్చలు పడిన యెడల నష్టమెవరిది? అమ్మబోవునాడు వెల తగ్గును. అంతకంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. చక్రములును బ్రేకులును మన పిల్లల ప్రాణములను మోయునవి. వానిని కడుగు చేయి వాని లోపములను గూడ కనిపెట్టగలదు. ఈ వ్యాసమునకు ప్రధానోద్దేశము అదియే.

మోటారు యంత్రములు పురుషుల విషయమని యెవరైన నన్నచో వారికి బెర్తా బెంజు కథను చెప్పవలెను. జర్మనీ దేశమున కార్ల్ బెంజు తన మోటారుబండిని 1886లో పేటెంటు చేసికొనెను. బండిని కొనువారు లేక ఆయన దిగులుపడుచుండగా, ఆయన భార్య బెర్తా 1888 ఆగష్టులో తన యిద్దఱు కుమాళ్లను వెంటబెట్టుకొని మాన్‌హైము పట్టణమునుండి ఫోర్ట్స్‌హైములోని పుట్టినింటికి నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము ఆ బండిమీదనే పోయెను. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనగా తన టోపీకి గ్రుచ్చు సూదితో శుభ్రపఱచెను. ఇంధనము తక్కువపడగా మందుల దుకాణమున కొనెను. బ్రేకు చెక్కలు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు పట్టీలు వేయించెను. మోటారుబండి దూరప్రయాణమునకు పనికివచ్చునని లోకమునకు చూపినది ఈమెయే. వానలో అద్దమును తుడుచు సాధనమునకు 1903లో అమెరికాదేశమున పేటెంటు పొందిన మేరీ యాండర్సను గూడ స్త్రీయే. కావున సోదరీమణులు సంకోచింపవలసిన పని లేదు.

పూజ యైన పిదప

మన నగరమున క్రొత్త కారు కొన్నవారిలో ననేకులు తొలుత భద్రకాళి యమ్మవారి సన్నిధికి తీసికొనిపోయి పూజ చేయింతురు. దసరాకు ఆయుధపూజనాడు మఱల చేయుదురు. ఇది సంప్రదాయము; మానవలసినది కాదు. అయినను కొన్ని జాగ్రత్తలు పాటింపవచ్చును. బొట్టు పెట్టు వ్రేలికి ఉంగర మున్నచో తీసివేయవలెను. క్రొత్త రంగుపై తొలి గీత చాలసారులు ఆ యుంగరమువలననే పడును. పూలదండను ఇనుపతీగెతో గాక దారముతో కట్టింపవలెను. పసుపు కుంకుమలను రంగుపైని, ముఖ్యముగ తెల్లని రంగుపైని, రోజులతరబడి ఉంచరాదు, మరక పట్టును. అద్దముమీదనో, నంబరు పలకకు మీది యంచుననో బొట్టు పెట్టినచో శాస్త్రమును తీరును, రంగును నిలుచును. నంబరు మాత్రము మఱుగుపడరాదు.

చక్రముల క్రింద నిమ్మపండ్లుంచి నలిపినప్పుడు పులుసు చక్రములకు చిందును. కొబ్బరినీరు, బెల్లపు పాకము, కర్పూరపు మసియు అట్లే అంటుకొనును. ఆ సాయంకాలమే మంచినీటితో కడిగివేయుట మంచిది. ఇక వీథిలో పగులగొట్టిన గుమ్మడికాయ ముక్కలను ఎత్తివేయించుట మన విధి. మన బండికి దిష్టి తీసి, వెనుక వచ్చు ద్విచక్రవాహనమును జాఱవిడుచుట పుణ్యకార్యము గాదు.

రంగు యొక్క మందము

కారు రేకుపై నుండునది ఒకే పూత కాదు. తుప్పు పట్టకుండుటకు అడుగున నొక పూత, దానిపై నెత్తిన మఱియొకటి, ఆపైన రంగు, అన్నిటికి మీద పారదర్శకమైన మెఱుగుపూత యుండును. కారు మెఱయునది ఈ చివరి పూతవలననే. దాని మందము సాధారణముగ మన తలవెండ్రుక మందముకంటెను తక్కువ. సూర్యుని యెండను, పక్షుల రెట్టను, మన తుడుపులను అన్నిటిని ఓర్చుకొనవలసినది ఈ పలుచని పొరయే. అది అరిగిన పిదప మఱల పుట్టదు.

వేయిస్తంభముల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించెను. అందలి నల్లరాతి స్తంభములు నేటికిని అద్దమువలె మెఱయుచున్నవి. అది శిల; రుద్దినకొలది నునుపుదేరును. కారు రంగు శిల గాదు, రుద్దినకొలది అరుగును. ఈ భేదమును మనసునం దుంచుకొన్నచో సగము పాఠము నేర్చినట్లే.

ఓరుగంటి నేల రాతినేల. ఇచ్చటి దుమ్ములో రాతి రజను కలిసియుండును. ఆ రజను రంగుకంటె గట్టిది. ఎండుగుడ్డతో కారుమీది దుమ్మును దులుపుట గరుకుకాగితముతో రుద్దుట వంటిదే. ప్రతి యుదయము పొడిగుడ్డతో తుడిపించు కార్లు ఎండలో చూచినప్పుడు సాలెగూడువంటి సన్నని గీతలతో నిండియుండుట మీరును గమనించియుందురు. రెండేండ్ల కొకసారి మేడారము సమ్మక్క సారలమ్మల జాతరకు పోయి వచ్చిన బండిసంగతి వేఱుగ చెప్పనేల? అడవిదారి ఎఱ్ఱదుమ్ము, అమ్మవార్లకు బంగారమని సమర్పించు బెల్లపు జిగట – రెండును కలిసి చక్రముల సందులలో గట్టకట్టును. అట్టి బండిని నీటితో నానబెట్టకుండ గుడ్డతో తాకరాదు.

ముందు చక్రములు, పిమ్మట దేహము

కారు కడుగునప్పుడు తలనుండి మొదలిడుట సహజముగ తోచును. అది సరి కాదు. అన్నిటికంటె ఎక్కువ మురికి చక్రములలో నుండును. దేహమును ముందు కడిగి, తరువాత చక్రములను తోమినచో ఆ నల్లనీరు మఱల దేహముపై చిందును. చక్రములు తోమునంతలో దేహముమీది నీరు ఎండి మచ్చలు కట్టును. కావున ముందు చక్రములు కడుగవలెను.

ఆ నల్లని మురికి యేమి? కాలితో బ్రేకు నదిమినప్పుడు, చక్రముతో తిరుగు ఇనుప పళ్లెరమును రెండు ప్రక్కల నుండి ప్యాడులు అదిమి పట్టుకొనును. ఆ రాపిడివలన బండి వేగము వేడిగా మాఱును. ప్యాడును, పళ్లెరమును కొంచెము కొంచెముగ అరిగి పొడి రాలును. వేడిగా నున్న ఆ యినుపరజను చక్రమునకు అంటుకొని, తేమ తగిలినప్పుడు తుప్పు పట్టి గోధుమవన్నె చుక్కలగును. హనుమకొండ చౌరస్తా, కాజీపేట దారులలో వలె అడుగడుగునకు బ్రేకు వేయుచు నడుపు బండికి ఈ పొడి యెక్కువ. బ్రేకు వేసినప్పుడు బరువు ముందునకు వ్రాలును గనుక ముందరి చక్రములకు మఱింత యెక్కువ. విద్యుత్తుతో నడచు కార్లలో వేగము తగ్గునప్పుడు మోటారే కొంత పట్టియుంచి బ్యాటరీకి విద్యుత్తును తిరిగి యిచ్చును. కావున వానికి ఈ పొడి తక్కువగ నుండును. అయినను బ్రేకుల వాడుక తక్కువ యగుటచే వాని పళ్లెరములు తుప్పు పట్టుటకు అవకాశ మెక్కువ.

చక్రములు రెండు విధములు. ఇనుపచక్రములపై ప్లాస్టికు మూత యుండును. అల్లాయ్ చక్రములు అల్యూమినియము మిశ్రలోహముతో చేయబడి, పైన రంగును మెఱుగుపూతయు కలిగియుండును. ఏ విధమైన చక్రమైనను శుభ్రపఱచు క్రమము ఒక్కటియే.

కావలసినవి: చక్రములకై వేఱుగ నొక బకెట్టు, మెత్తని కుచ్చుగల పొడవుపిడి బ్రష్షు, చువ్వల సందులకు చిన్న బ్రష్షు, టైరునకు గట్టి బ్రష్షు, కారు షాంపూ, రబ్బరు చేతితొడుగులు, రెండు పాత మైక్రోఫైబర్ గుడ్డలు. చక్రములకు వాడిన గుడ్డను బ్రష్షును ఎన్నటికిని కారు దేహమునకు వాడరాదు. ఎంగిలి విషయమున మన మెట్టి నియమము పాటింతుమో ఇచ్చటను అట్లే పాటింపవలెను.

మొదట బండిని చదునైన నీడపట్టున నిలిపి హ్యాండుబ్రేకు వేయవలెను. బయటినుండి వచ్చిన వెంటనే కడుగరాదు. బ్రేకు పళ్లెరము మిక్కిలి కాలియుండును. దానిపై చల్లనీరు పడినచో వంకర తిరుగవచ్చును. అరగంటయో గంటయో ఆగవలెను.

తరువాత ఒక్కొక్క చక్రమునే పట్టవలెను. నీటిని ధారగా పోసి వదులుగానున్న మట్టిని పోగొట్టవలెను. గట్టి బ్రష్షుతో షాంపూనీరు పెట్టి టైరును ముందు తోమవలెను. గోధుమరంగు నురుగు తగ్గువఱకు తోమిన చాలును. ఆ గోధుమరంగు మురికి మాత్రమే గాదు. రబ్బరును కాపాడుటకై అందులో కలుపు మందులు పైకి వచ్చి గాలి తగిలి ఆ వన్నె పొందును. పిమ్మట మెత్తని బ్రష్షుతో చక్రము లోపలి గోడను, చువ్వల వెనుకభాగమును, నట్ల గుంటలను, చివర ముందరిభాగమును కడుగవలెను. లోపల వదలిన రజనే నాలుగు దినములలో బయటికి వచ్చును గాన లోపలిభాగమును ఉపేక్షింపరాదు. మంచినీరు పోసి, ఎండకముందే గుడ్డతో ఒత్తి తుడువవలెను. నేల తాకియున్న భాగము అందనిచో బండిని కొంచెము ముందునకు నడిపి తిరిగి తుడువవలెను. అప్పుడు పిల్ల లెవ్వరును దగ్గఱ లేకుండ చూచుకొనవలెను.

ఇంతతోను గోధుమ చుక్కలు పోనిచో, ఇనుపరజనును కరగించు ద్రావకము అంగళ్లలో దొరకును. దానిని చల్లిన మూడు నాలుగు నిమిషములకు చక్రముపైనుండి ఊదారంగు నీరు కాఱును. చూచువారికి వింతగా నుండును. అందలి థయోగ్లైకొలేటు అను లవణము ఇనుముతో కలిసి ఆ రంగు నిచ్చును. దాని వాసన ఎక్కడనో తెలిసినట్లు మీకు తోచినచో ఆశ్చర్యము లేదు. జుట్టునకు ఉంగరములు తిప్పు మందులోను, అనవసర రోమములను పోగొట్టు లేపనములలోను ఆ జాతి పదార్థమే యుండును. వెండ్రుకను మెత్తబఱచునది చర్మమును విడుచునా? తొడుగులు లేక దానిని ముట్టరాదు. చక్రముపై ఎండనీయరాదు, పుష్కలముగ నీరు పోసి కడిగివేయవలెను. రెండు మూడు నెలల కొకసారి వాడిన చాలును.

కడిగిన పిదప బండిని తడి చక్రములతో అట్లే నిలిపి నిద్రపోరాదు. వీథి చివరవఱకు మెల్లగ నడిపి నాలుగైదుసారులు బ్రేకు నదిమినచో నీరు ఆఱిపోవును. మఱునాటి యుదయమున పళ్లెరముపై పలుచని ఎఱ్ఱని తుప్పు కనబడినను భయపడవలదు. తొలి బ్రేకులకే అది పోవును.

చక్రములు పూర్తిగా ఆఱిన తరువాత పలుచగా మైనము పూసినచో రజను మునుపటివలె అంటదు. మఱుసటిసారి నీరు, షాంపూ మాత్రమే చాలును. క్రొత్త బండి చక్రములకు ఇంకను మురికి పట్టకమునుపే ఈ పని చేసినవారు ఏండ్ల తరబడి సుఖపడుదురు.

వాడగూడనివి

ఇంటిలోనున్న శుభ్రపఱచు ద్రవ్యములన్నియు చక్రములకు పనికిరావు. స్నానగృహములు కడుగు యాసిడు అల్యూమినియమును తినివేయును. చాకలిసోడా, కాస్టిక్ సోడాలును అంతే. హనుమకొండలో మా యెఱుకలోని యొక యింట, పండుగ ముందునాడు పెద్దలు లేని సమయమున, పనికి వచ్చు పిల్లవాడు చక్రములు తళతళలాడవలెనని యాసిడు పోసి కొబ్బరిపీచుతో తోమెను. ఘడియలో నాలుగు చక్రములును తెల్లని మబ్బులు కట్టినట్లయి మెఱుగు కోల్పోయెను. చక్రములు డబ్బుతో వచ్చును. ఆ పిల్లవాని వ్రేళ్లు మాత్రము బొబ్బలెక్కి, చాలదినములు అన్నము కలిపికొనుటకు లేకపోయెను. మన యింటి మెఱుగు కొఱకు పరుల బిడ్డల చేతులు కాలుట తగునా? యాసిడు సీసాను తాళములో నుంచుటయు, పనివారికి తొడుగు లిచ్చుటయు గృహిణి ధర్మము. యాసిడును బ్లీచింగు నీటితో కలిపినచో విషవాయువు పుట్టునని గూడ ప్రతి స్త్రీయు ఎఱిగియుండవలెను.

పాత్రలు తోము పీచు, ఇసుక, బూడిద చక్రములపై గీతలు పెట్టును. కిరసనాయిలు రబ్బరును చెఱచును. టైరు నల్లగా మెఱయవలెనని నూనె పూయువారు గలరు. టైరు ప్రక్కగోడకు దానికై చేసిన పూత నీటిలో కలియునది పూసిన పూయవచ్చును గాని, నేలను తాకు భాగమునకును, బ్రేకు పళ్లెరమునకును ఎట్టి జిడ్డును తగులరాదు. తగిలినచో బండి ఆగవలసినచోట ఆగదు.

బ్రేకు పొడిని ఎండుగా నున్నప్పుడు నోటితో ఊదుట, పొడిబ్రష్షుతో దులుపుట గూడదు. పూర్వము బ్రేకు పట్టీలలో ఊపిరితిత్తులకు హానిచేయు ఆస్బెస్టాసు వాడెడివారు. అది లేని పొడి యైనను పీల్చుట మంచిది గాదు. తడిపి తీసినచో ఏ భయమును లేదు. వత్తిడినీటి గొట్టము వాడువారు దాని మూతిని టైరునకు జానెడుకంటె దగ్గఱకు తేరాదు, రబ్బరు దెబ్బతినును.

చక్రము చెప్పు మాటలు

చక్రమును తోముచున్నప్పుడు కండ్లు తెఱచి చూడవలసినవి కొన్ని కలవు. ముందరి రెండు చక్రములలో ఒకదానికి మాత్రమే అత్యధికముగ నల్లపొడి యున్నచో, ఆ ప్రక్క బ్రేకు పూర్తిగ వదలక పట్టుకొనుచున్నదని అనుమానింపవలెను. చక్రము లోపలిగోడపై జిడ్డు తడి కనబడినచో బ్రేకు నూనెయో, గ్రీజో కాఱుచున్నది. ఆ బండిని నడుపక మెకానిక్కును పిలిపింపవలెను. టైరు ఒక అంచున మాత్రమే అరిగినచో చక్రముల వరుస తప్పినది. రెండు అంచులు అరిగి నడుమ మిగిలినచో గాలి తక్కువ. నడుమ మాత్రమే అరిగినచో గాలి యెక్కువ. ప్రక్కగోడపై ఉబ్బు కనబడినచో లోపలి దారములు తెగినవి. ఆ టైరును మార్చవలసినదే. మేకు దిగియున్నచో ఇంటివద్ద పీకవలదు. గాలి ఒక్కసారిగ పోవును.

టైరు గాడులలో చిన్న దిమ్మెలుండును. గాడి అరిగి ఆ దిమ్మెతో సమమైనచో మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లు మాత్రమే. మన దేశపు మోటారు నిబంధనల ప్రకారము కారు టైరునకు అంతకంటె తక్కువ లోతు ఉండరాదు. గాడులు నీటిని ప్రక్కలకు త్రోయుటకై యేర్పడినవి. 2020 ఆగష్టులోను, 2023 జులైలోను మన నగరపు కాలనీలు వాననీట మునిగిన సంగతి ఎవరును మఱచిపోలేదు. అట్టి వానలలో నున్నని టైరు నీటిపై పడవవలె జాఱును. నీటిలోనుండి బయటపడిన బండికి బ్రేకులు వెంటనే సరిగా పట్టవు. మెల్లగా నడుపుచు పలుమార్లు అదిమి ఆరబెట్టవలెను.

టైరు ప్రక్కగోడపై అచ్చువేసిన అక్షరముల చివర నాలుగంకెలుండును. మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెల్పును. 2324 అని యున్నచో 2024వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. క్రొత్త కారు తీసికొనునాడే ఐదు టైర్లపైని ఈ యంకెలను చూచుకొనవలెను. ఐదవది డిక్కీలో నుండును. దానిని చాలమంది మఱతురు. గాలి యెంత యుండవలెనో డ్రైవరు తలుపు చట్రమునొద్ద అంటించిన చీటీ చెప్పును. చక్రములు చల్లగా నున్నప్పుడే చూపింపవలెను.

దేహమును కడుగు విధము

చక్రములు ముగిసిన పిదప దేహము. ఎండాకాలమున మన నగరమున వేడి 44, 45 డిగ్రీల వఱకు పోవును. కాలిన రేకుపై నీరు పోసినచో క్షణములో ఎండి మచ్చలగును. తెల్లవాఱుజామునగాని, ప్రొద్దు క్రుంకిన తరువాతగాని నీడలో కడుగవలెను. రెండు బకెట్లుంచి, ఒకదానిలో షాంపూనీరు, రెండవదానిలో మంచినీరు నింపవలెను. గుడ్డను షాంపూలో ముంచి, పైకప్పునుండి క్రిందికి ఒత్తిడి లేక తుడిచి, ప్రతిసారి మంచినీట జాడించి, తిరిగి షాంపూలో ముంచవలెను. అట్లయిన రాతిరజను రెండవ బకెట్టులో నిలిచిపోవును. నేలపైబడిన గుడ్డను మఱల వాడరాదు. జరీ యంచు, బొత్తాములు గల పాతబట్టలు పనికిరావు. బట్టల సబ్బుపొడి మైనపు పూతను తీసివేయును. కుంకుడురసము మృదువైనదే, కాని తొక్కల ముక్కలు గీతలు పెట్టును గనుక దానిని తలకే వాడుకొనుట మేలు.

వేపచెట్టు క్రింద నిలిపిన బండిపై పక్షుల రెట్ట పడుట తప్పదు. అది రంగును తినును, నాడే తీయవలెను. ఎండినదానిని గోకక, తడిగుడ్డను పది నిమిషములు దానిపై పఱచి నానిన పిమ్మట ఎత్తివేయవలెను. బోరునీటిలో సున్నపు లవణములు ఎక్కువ గనుక నీరు తనంతట ఎండిన యెడల తెల్లమచ్చలు నిలుచును; వెంటనే మెత్తని గుడ్డతో ఒత్తుటయే మందు.

మూడు నెలల కొకసారి కార్నూబా మైనము పూసిన చాలును. అది బ్రెజిలు దేశపు యొక తాళజాతి చెట్టు ఆకులనుండి తీయునది. సిరామిక్ కోటింగు అని వేలకొలది రూపాయలకు చేయు పూతలు నీటిని, మురికిని జాఱవిడుచుట నిజమే. రాయి తగిలినను గీత పడదని చెప్పు మాట మాత్రము నమ్మదగినది కాదు.

లోపలి భాగము

సీట్లకు వచ్చిన ప్లాస్టికు తొడుగులను బండి క్రొత్తగా కనబడవలెనని నెలలతరబడి ఉంచుట తగదు. వేడికి వాసన పుట్టును, చెమ్మ నిలుచును. ప్రక్క గాలిసంచులు సీటులోనే యుండు బండ్లకు సరిపడని సీటు కవరులు వేసినచో ఆపద సమయమున సంచి సరిగా విచ్చుకొనదు. డ్యాషుబోర్డునకు కొబ్బరినూనె రుద్దరాదు. ఎండలో దాని మెఱుపు అద్దమున ప్రతిఫలించి డ్రైవరు కండ్లు మిఱుమిట్లు గొలుపును. తడిపి పిండిన గుడ్డ చాలును. మన ఓరుగల్లు తివాచీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినందుకు మన మందఱము గర్వింతుము. కాని తివాచీ యైనను, పాతదుప్పటి యైనను, కట్టులేని ఏ పఱపును డ్రైవరు కాళ్లక్రింద వేయగూడదు. అది ముందునకు జరిగి బ్రేకు పెడలు క్రింద చిక్కుకొనిన యెడల ప్రాణాపాయము.

నీటి పొదుపు

నిమిషమునకు పది లీటర్లు పాఱు గొట్టమును ఇరువది నిమిషములు వదలినచో రెండువందల లీటర్లు పోవును. పదునైదు లీటర్ల బకెట్లు నాలుగైదింటితో ఇదే పని చక్కగా ముగియును. వేసవిలో బిందె నీటికై నిలుచుండు సోదరీమణులు మన వీథిచివరనే యుందురు. కడిగిన నీటిని మురుగుకాలువకు గాక, షాంపూ తక్కువగా నున్న కడపటి నీటినైన ఖాళీ నేలపైకి మళ్లించుట మంచిది. భద్రకాళి చెఱువును పూడిక తీయుటకై 2024 నవంబరులో ఖాళీ చేసిన సంగతి మన మెఱిగినదే. నూనె, సబ్బు, ఇనుపరజను చెఱువులకు చేర్చుట మన చేతులతో మన నీటిని చెఱచుకొనుటయే యగును.

ఇంత శ్రమ యేల, వాటరు సర్వీసింగున కిచ్చిన సరిపోదా యని కొంద ఱడుగవచ్చును. ఇయ్యవచ్చును. కాని యేది ఎట్లు చేయవలెనో ఎఱిగినవారికే అచ్చట నిలిచి, ఈ గుడ్డ వలదు, ఆ ద్రావకము వలదు అని చెప్పు నధికారముండును. మఱియు ఇది స్త్రీల పనియే యని మేము చెప్పుట లేదు. పదునైదు దినముల కొకసారి ఆదివారమునాటి యుదయమున ఇంటిల్లిపాదియు చేరి చేసినచో గంటన్నరలో ముగియును. మగపిల్లలకును ఆడపిల్లలకును సమానముగ ఒక్కొక్క చక్రము అప్పగింపవచ్చును.

అయితే ఒక మాట. బండి పత్రములు భర్త పేరనుండి, తాళపుచెవి ఆయన జేబులోనుండి, తుడుపు మాత్రము భార్య వంతగుట న్యాయము గాదు. చక్రము ఎందుకు అరుగునో, బ్రేకు ఎట్లు పట్టునో తెలిసికొన్న స్త్రీకి ఆ బండిని నడుపుట నేర్చుకొనుట పెద్ద పని గాదు. లైసెన్సు తీసికొని, అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఎవరి రాకకును ఎదురుచూడక ఎం.జి.ఎం. ఆసుపత్రికి తానే తీసికొనిపోగల తల్లి యున్న యింట కారు నిజముగ ఆ యింటివారి దగును. సోదరీమణులు ముందు చక్రములతో మొదలిడుదురు గాక. పిదప స్టీరింగును గూడ పట్టుకొందురు గాక.